ప్యాంటు నంబరు 34, టేపు చెప్పింది 38న్నర: నడుము కొలతను ఎంతవరకు పట్టించుకోవాలి?

కానూరు వాసి
మా కార్యాలయంలో ఏటా జరిగే ఆరోగ్య పరీక్షల్లో ఈసారి కూడా నా బరువు ఎదుట ‘సాధారణం’ అనే రాసి ఇచ్చారు. నా వయసు 46 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, అంటే సుమారు 170 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. పదేళ్లుగా 34 నంబరు ప్యాంటే వేసుకుంటున్నాను కాబట్టి నా నడుము 34 అంగుళాలేనని ఎవరు అడిగినా చెబుతూ వచ్చాను.

పోయిన ఆదివారం మా మేనకోడలి పెళ్లికి కుర్తా కుట్టించుకుందామని విజయవాడ వన్‌టౌన్‌లో ఒక దర్జీ దగ్గరికి వెళ్లాను. ఆయన టేపును బెల్టు దగ్గర కాకుండా బొడ్డుకు కాస్త పైగా, పొట్ట ఎత్తుగా ఉన్నచోట చుట్టి, పుస్తకం ముందు కూర్చున్న కుర్రవాడికి ‘ముప్పై ఎనిమిదిన్నర’ అని చెప్పారు. నేను మళ్లీ కొలవమన్నాను. రెండోసారి కూడా అంతే వచ్చింది. ఇంటికి వచ్చి అద్దం ముందు పక్కకు తిరిగి చూసుకుంటే విషయం అర్థమైంది: బెల్టు పొట్ట కిందకు జారి కూర్చుంటోంది, ప్యాంటు కొలిచేది నా నడుమును కాదు, పొట్ట కింది భాగాన్ని. మా నాన్నగారికి 50 ఏళ్లకే మధుమేహం వచ్చింది కాబట్టి అప్పటినుంచి మనసు కుదురుగా లేదు. బరువు సాధారణం అన్న కాగితాన్ని నమ్మాలా, దర్జీ టేపును నమ్మాలా? ఈ సంగతి తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

గుంటూరు ఫిజీషియన్
కానూరు వాసి గారూ, రెండూ నిజమే చెబుతున్నాయి, కానీ రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎమ్‌ఐ మీకు 23.5 వస్తుంది. అంతర్జాతీయ పట్టికలో 25 వరకు సాధారణమే కాబట్టి మీ నివేదికలో అలా రాశారు. అయితే ఆసియా ప్రజల విషయంలో 23 దాటినప్పటి నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లోనే సూచించింది, మన దేశపు వైద్యులు 2009లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా 23 నుంచి అధిక బరువుగా, 25 నుంచి స్థూలకాయంగా లెక్కించాయి. ఆ లెక్కన చూస్తే ‘సాధారణం’ అన్న మాట మీకు ముందే సరిపడలేదు.

అంతకంటే ముఖ్యమైన లోపం ఇంకొకటి ఉంది. తూకం యంత్రానికి కండ, ఎముక, కొవ్వు అన్న తేడా తెలియదు, ఆ కొవ్వు ఒంట్లో ఎక్కడ చేరిందో అసలే తెలియదు. మనవాళ్లలో కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకు వచ్చే శరీరతత్వం చాలా ఎక్కువ. దీన్ని ఇద్దరు వైద్యులు తమ శరీరాలతోనే చూపించారు. పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్నిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ అనే ఇద్దరికీ బీఎమ్‌ఐ సరిగ్గా 22.3 ఉండగా, ఒంట్లో కొవ్వు శాతం యుడ్కిన్‌కు 9.1, యాజ్నిక్‌కు 21.2 వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడిన ఫొటోతో ఈ సంగతి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మా తరగతుల్లో దాన్ని చూపించని సంవత్సరం లేదు.

పొట్ట కొవ్వు మీద ఇంత పట్టింపు ఎందుకంటే, చర్మం కింద చేరే కొవ్వూ పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ చేరే కొవ్వూ ఒకేలా ప్రవర్తించవు. లోపలి కొవ్వు నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరతాయి. కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, ఇన్సులిన్ మాట శరీరం సరిగా వినడం మానేస్తుంది, రక్తంలో ట్రైగ్లిసరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి, మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది, రక్తపోటు పెరుగుతుంది. ఈ లోపలి కొవ్వును కచ్చితంగా చూడాలంటే సీటీ స్కాన్‌గానీ ఎమ్‌ఆర్‌ఐగానీ కావాలి. ఇంట్లో దాన్ని అంచనా కట్టడానికి మనకు ఉన్న అతి దగ్గరి సాధనం నడుము చుట్టుకొలత.

మీ నడుము 38న్నర అంగుళాలంటే దాదాపు 98 సెంటీమీటర్లు. దాన్ని ఎత్తు 170తో భాగిస్తే 0.58 వస్తుంది. నడుము కొలత ఎత్తులో సగానికి లోపల, అంటే 0.5 లోపల ఉండాలన్నది ఇప్పుడు విస్తృతంగా అంగీకరించిన సూత్రం. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ వైద్య ప్రమాణాల సంస్థ 2022లో దీన్ని తన మార్గదర్శకాల్లో చేర్చింది: 0.4 నుంచి 0.49 వరకు ఆరోగ్యకరం, 0.5 నుంచి 0.59 వరకు ముప్పు పెరిగినట్టు, 0.6 ఆపైన ముప్పు ఎక్కువైనట్టు. మీరు రెండో మెట్టులో, పైఅంచుకు దగ్గరగా ఉన్నారు. నాన్నగారికి మధుమేహం ఉందన్నారు కాబట్టి ఆలస్యం చేయకుండా పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష), కొవ్వుల పరీక్ష, రక్తపోటు చూపించుకోండి.

సత్యనారాయణపురం కుట్టుపని
నేను 22 ఏళ్లుగా ఆడవారి బట్టలు కుడుతున్నాను. వైద్యం నాకు తెలియదు, కానీ టేపు గురించి నాలుగు మాటలు చెప్పగలను. మీరంతా సంఖ్యల దగ్గర మొదలుపెట్టారు, నేను దానికి ముందు జరిగే పని గురించి రాస్తాను, ఎందుకంటే తప్పంతా అక్కడే జరుగుతుంది.

కొలతకు నిలబడగానే నూటికి తొంభై మంది తెలియకుండానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగుతారు. నేను వెంటనే టేపు తియ్యను, ‘ఇంటి దగ్గర పాప ఎలా ఉందమ్మా’ అని ఏదో ఒక మాట అడుగుతాను, వాళ్లు జవాబు చెప్పేటప్పుడు ఊపిరి వదులుతారు, అప్పుడు చదువుతాను. ఆ ఒక్క మాటతో అంగుళం, అంగుళంన్నర పెరిగిన సందర్భాలు నేను రోజూ చూస్తాను. చీర మీద నుంచి కొలిస్తే కుచ్చిళ్ల మందం కూడా కొలతలోకి వచ్చేస్తుంది. లంగా బొందు కట్టుకున్నచోట కొలిస్తే ఒళ్లు నొక్కుకుపోయి తక్కువ వస్తుంది. ఆ చోటు చాలామందికి నడుము కూడా కాదు, తుంటి పైభాగం.

ఇక టేపు సంగతి. దుకాణంలో వాడే ప్లాస్టిక్ పూత గుడ్డ టేపు రోజూ లాగి లాగి సాగుతుంది. నా దగ్గర ఒక పాత టేపు ఉంది, దాన్ని స్టీలు స్కేలు పక్కన పెట్టి చూస్తే 40 అంగుళాల దగ్గర దాదాపు అర అంగుళం తేడా కనిపించింది. చివరనున్న రేకు ఊడిపోయిన టేపుల్లో మొదటి అంగుళమే సగం ఉండదు. కొలత కోసమని ఇంట్లో ఒక కొత్త టేపు ప్రత్యేకంగా పెట్టుకోండి. ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు ఉంటాయి, ఎప్పుడూ ఒకేవైపు చదవండి.

డాక్టరు గారూ, ఒక సందేహం. బ్లౌజుకైతే ఒకచోట, లంగాకైతే ఒకచోట కొలుస్తాం. మీ లెక్కకు నడుము అంటే సరిగ్గా ఎక్కడ?

గుంటూరు ఫిజీషియన్
అమ్మా, ఈ చర్చలో అన్నింటికంటే అవసరమైన ప్రశ్న మీరు అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతి ఇది. పక్కటెముకల్లో చేతికి తగిలే చివరి ఎముక అంచును వేలితో వెతకాలి. తర్వాత అదే వైపు తుంటి ఎముక పైఅంచును వెతకాలి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన టేపు రావాలి. చాలామందికి అది బొడ్డు దగ్గరగానో కొంచెం పైనో ఉంటుంది, కానీ పొట్ట జారినవారికి బొడ్డు కూడా కిందకు జారుతుంది కాబట్టి బొడ్డును గుర్తుగా పెట్టుకోవడం మంచిది కాదు.

మీరు వాడే సుద్ద ముక్కే దీనికి మంచి సాధనం. రెండు పక్కలా ఆ మధ్య బిందువు దగ్గర చిన్న గీత గీసుకుని, బట్ట అడ్డం లేకుండా, పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు వదులుగా వేలాడేసి నిలబడి, టేపు రెండు గీతల మీదుగా వెళ్లేలా చుట్టాలి. వెనక టేపు కిందకు జారిందేమో అద్దంలో చూసుకోవాలి, లేదా ఇంకొకరిని చూడమనాలి. టేపు ఒంటిని తాకాలి గాని చర్మంలోకి దిగకూడదు. మామూలుగా ఊపిరి వదిలిన చివర్లో అంకె చదవాలి. రెండుసార్లు కొలిచి, తేడా ఒక సెంటీమీటరు లోపు ఉంటే సగటు తీసుకోండి, ఎక్కువ ఉంటే రెండు కొలతలూ వదిలేసి మళ్లీ కొలవండి. ఉదయం కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు కొలిస్తే రోజుకూ రోజుకూ పోల్చడానికి వీలుగా ఉంటుంది.

మంగళగిరి లెక్కల మేష్టారు
నేను పదవీ విరమణ చేసిన గణిత ఉపాధ్యాయుడిని. బీఎమ్‌ఐ సూత్రాన్ని 1830లలో రూపొందించిన అడాల్ఫ్ కెట్లే బెల్జియం దేశపు ఖగోళ, గణాంక శాస్త్రవేత్త. ఆయన వెతికింది జనసమూహంలో ‘సగటు మనిషి’ కొలతలను, ఒక రోగి ముప్పును కాదు. ఆ నిష్పత్తికి బీఎమ్‌ఐ అన్న పేరు పెట్టి వైద్యంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చేలా చేసింది 1972లో ఆన్సెల్ కీస్ బృందం. కాబట్టి ఒక జనాభాను చూడటానికి పుట్టిన అంకెను ఒక మనిషి మీద తీర్పుగా వాడటం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

అయితే నాకు ఒక అభ్యంతరం ఉంది. మన ఆసుపత్రుల గోడల మీద మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదని రాసి ఉంటుంది. ఇక్కడ డాక్టరు గారు ఎత్తులో సగం అంటున్నారు. ఈ రెండూ ఎప్పుడు కలుస్తాయో లెక్కవేసి చూశాను. మగవారికి 90 అనేది ఎత్తులో సగం కావాలంటే ఆ మనిషి 180 సెంటీమీటర్లు, అంటే దాదాపు 5 అడుగుల 11 అంగుళాలు ఉండాలి. ఆడవారికి 80 సగం కావాలంటే 160 సెంటీమీటర్లు, అంటే 5 అడుగుల 3 అంగుళాలు ఉండాలి. మన వీధిలో అంత ఎత్తున్నవారు ఎందరు? మా ఇల్లాలి ఎత్తు 147 సెంటీమీటర్లు. గోడ మీది లెక్కలో ఆమె 79 వరకు నిశ్చింతగా ఉండవచ్చు, సగం లెక్కలో 73న్నర దాటితే జాగ్రత్త పడాలి. మధ్యలో ఐదున్నర సెంటీమీటర్లు ఉన్నాయి. ఆమె ప్రస్తుత కొలత 77. ఆమెకు నేను ఏమని చెప్పాలి?

గుంటూరు ఫిజీషియన్
మేష్టారూ, మీ లెక్క అక్షరాలా సరైనది, దీనికి నేరుగా జవాబు చెప్పే బాధ్యత నామీద ఉంది.

90, 80 అనేవి దక్షిణాసియా ప్రజల కోసం అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2005లో నిర్ణయించిన హద్దులు. అమెరికా మార్గదర్శకాల్లో ఇవే హద్దులు 102, 88. మనవారికి అంతకంటే చిన్న నడుము దగ్గరే మధుమేహం, గుండెజబ్బు పెరుగుతున్నట్టు కనిపించింది కాబట్టే అంత తగ్గించారు. అయితే ఆ హద్దుల్లో ఎత్తు ప్రస్తావనే లేదు. అందువల్ల పొట్టివారి ముప్పును తక్కువగా, చాలా ఎత్తున్నవారి ముప్పును ఎక్కువగా చూపించే అవకాశం ఉంది. ఎత్తులో సగం అన్న సూత్రం సరిగ్గా ఈ లోటును పూడ్చడానికే వచ్చింది. దీన్ని 1990ల నుంచి పట్టుదలగా ప్రచారం చేసిన శాస్త్రవేత్త మార్గరెట్ ఆష్‌వెల్.

మీకు నచ్చే విషయం ఇంకొకటి చెబుతాను. మన దేశపు 2009 మార్గదర్శకాల్లో హద్దు ఒకటి కాదు, రెండున్నాయి. మొదటి మెట్టు మగవారికి 78, ఆడవారికి 72: అక్కడికి చేరినవారు ఇక బరువు పెరగకుండా చూసుకోవాలి, శారీరక శ్రమ పెంచాలి. రెండో మెట్టు 90, 80: అక్కడ వైద్యుణ్ని సంప్రదించాలి. మీ ఇల్లాలి ఎత్తులో సగమైన 73న్నర ఈ 72కూ 80కీ మధ్యనే పడుతుంది. 165 సెంటీమీటర్ల మగవాడి సగం 82న్నర కూడా 78కీ 90కీ మధ్యనే పడుతుంది. కాబట్టి రెండు సూత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేయడం లేదు. 77 వచ్చిన అమ్మగారు మందులకు పరుగెత్తనవసరం లేదు, కానీ నిశ్చింతగా కూర్చోవడం కూడా తగదు. ఏడాదికొకసారి చక్కెర, రక్తపోటు చూపించండి, భోజనంలో అన్నం కొంచెం తగ్గించి కూర, పప్పు పెంచండి. ఒక అంకెకు ఇటు ఆరోగ్యం, అటు రోగం అన్న గోడ మానవ శరీరంలో ఎక్కడా లేదు. నడుము పెరిగేకొద్దీ ముప్పు మెల్లగా పెరుగుతుంది, మనం గుర్తుపెట్టుకోవడానికి వీలుగా ఒకచోట గీత గీస్తాం.

తెనాలి రైతుబిడ్డ
క్షమించండి, మా ఇంటి అనుభవం ఈ సూత్రానికి ఎదురుగా ఉంది. మా నాన్నగారు ఎత్తు 168, నడుము 80 మాత్రమే, అంటే నిష్పత్తి 0.48. బక్కపలచని మనిషి. జీవితమంతా అరక దున్నినవారు. ఆరేళ్ల కిందట పొలం కౌలుకిచ్చి, మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టునే ఉంటున్నారు. పోయిన ఏడాది కాలికి తగిలిన చిన్న గాయం నెలరోజులైనా మానకపోతే పరీక్ష చేయించాం, చక్కెర 290 ఉంది. ‘మనది సన్నని ఒళ్లు, మనకెందుకొస్తుంది’ అని ఆయనా, మేమూ అప్పటివరకు ధైర్యంగా ఉన్నాం. టేపు బాగుందని చెప్పిన మనిషికి జబ్బు ఎలా వచ్చింది?

గుంటూరు ఫిజీషియన్
తమ్ముడూ, మీ నాన్నగారి గాయం మానిందని ఆశిస్తాను. నడుము పెద్దదైతే ముప్పు పెరుగుతుందన్నది నిజం, నడుము చిన్నదైతే ముప్పు లేదన్నది నిజం కాదు. ఈ రెండో వాక్యాన్ని జనం మొదటి వాక్యం నుంచి తమంతట తామే తీసుకుంటారు, అక్కడే మోసపోతారు.

చెన్నైకి చెందిన మధుమేహ పరిశోధకులు 2005లో వెలువరించిన భారతీయ మధుమేహ ముప్పు పట్టిక నాలుగే విషయాలు అడుగుతుంది: వయసు, నడుము, శ్రమ, తల్లిదండ్రులకు మధుమేహం. మొత్తం 100 మార్కులు, 60 లేదా ఆపైన వస్తే ముప్పు ఎక్కువ. మీ నాన్నగారి వయసు 50 దాటి ఉంటుంది కాబట్టి అక్కడ 30, నడుము 90 లోపు కాబట్టి సున్నా, వ్యాయామమూ శ్రమా రెండూ లేవు కాబట్టి 30. ఇప్పటికే 60 అయింది. తాతగారికో నాయనమ్మగారికో మధుమేహం ఉంటే ఇంకో 10 కలుస్తుంది. అంటే నడుముకు ఒక్క మార్కు పడకుండానే ఆయన ముప్పు గడిలోకి వెళ్లారు. అరక పట్టినన్నాళ్లు శ్రమ దగ్గర ఆయనకు ఇంతకంటే తక్కువ మార్కులే పడి ఉండేవి, పని మానిన రోజు నుంచి అక్కడ 30 అయింది. నడుము కొలతను ఎప్పుడూ వయసు, వంశం, శ్రమ పక్కన పెట్టే చదవాలి.

తెనాలి రైతుబిడ్డ
మా నాయనమ్మకు ఉండేది. అంటే 70. గాయం మానింది డాక్టరు గారూ, మందులు వాడుతున్నారు. నా వయసు 33, నేను రేపే పరీక్ష చేయించుకుంటాను.

పల్లె ఆరోగ్య కార్యకర్త
నేను గుంటూరు జిల్లాలో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య సిబ్బందిలో ఒకరిని. 30 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ మేము నింపే ముప్పు అంచనా పత్రంలో కూడా నడుము కొలత ఒక ప్రశ్న. ఆడవారికి 80 లోపు, మగవారికి 90 లోపు ఉంటే సున్నా, పైన 10 సెంటీమీటర్ల వరకు ఒకటి, అదీ దాటితే రెండు మార్కులు వేస్తాం. వయసు, పొగాకు, మద్యం, శ్రమ, కుటుంబ చరిత్రతో కలిపి మొత్తం 4 దాటితే ముందుగా పరీక్షలకు పంపిస్తాం.

కాగితం మీద ఇది ఒక గడి మాత్రమే, గుమ్మం దగ్గర మాత్రం చాలా పెద్ద విషయం. ఆడవారు తలుపు దగ్గరగా వేసి, అత్తగారు చూడకుండా కొలిపించుకుంటారు. మగవారు పక్కింటివాళ్ల ముందు పొట్ట బిగిస్తారు. ‘ఒళ్లు చేశావు, అదృష్టం పట్టింది’ అనే మాట ఇప్పటికీ మా ఊళ్లలో దీవెనగానే వినిపిస్తుంది. కలిగిన ఇంటి గుర్తు అనుకున్న పొట్టను జబ్బు గుర్తుగా చెబితే మనసు కష్టపెట్టుకుంటారు. అందుకని నేను అంకె పైకి చదవను, పత్రంలో రాసి వాళ్లకే చూపిస్తాను. ఎత్తులో సగం అన్న మాట మాత్రం నాకు చాలా ఉపయోగపడింది. చదువురాని ఒక పెద్దమ్మకు పురికొసతో ఆమె ఎత్తు తీసి, దాన్ని సగానికి మడిచి, ఆ మడత నడుము చుట్టూ తిప్పి చూపించాను. నాలుగు వేళ్ల వెడల్పు అందలేదు. ఆమెకు ఇక సెంటీమీటర్లు చెప్పవలసిన పని పడలేదు, మరుసటి గురువారం తానే చక్కెర పరీక్షకు వచ్చింది.

మంగళగిరి లెక్కల మేష్టారు
అమ్మా, ఆ పురికొస పద్ధతిలో భాగహారం లేదు, యూనిట్లు లేవు, సాగిన టేపు బెడద కూడా లేదు. 35 ఏళ్లు నిష్పత్తులు బోధించినవాడిగా చెబుతున్నాను, ఇంతకంటే చక్కని బోధన నాకు తోచలేదు. కొస కూడా సాగనిది అయి ఉండాలి, అంతే. టేపు వాడేవారికి కూడా సులువు ఉంది: ఎత్తును అంగుళాల్లోకి మార్చి సగం చేయండి. 5 అడుగులంటే 60 అంగుళాలు, హద్దు 30. 5 అడుగుల 6 అంగుళాలంటే 66, హద్దు 33.

పటమట అమ్మాయి
మా అమ్మ వయసు 68. పాత పాస్‌పోర్టు కాగితాల్లో ఎత్తు 155 సెంటీమీటర్లని ఉంది. ఇప్పుడు గోడకు ఆనించి కొలిస్తే 150 వస్తోంది, వీపు కొంచెం వంగింది. నడుము 86. పాత ఎత్తుతో లెక్కిస్తే 0.55, ఇప్పటి ఎత్తుతో లెక్కిస్తే 0.57. ఏది తీసుకోవాలి? ఈ చర్చ చదివిన దగ్గర నుంచి అమ్మ రాత్రి భోజనం మానేసి మజ్జిగతో సరిపెట్టుకుంటోంది, అది నాకు నచ్చడం లేదు.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. నడుమును తుంటితో భాగించే లెక్క ఒకటి ఉందని విన్నాను. అది దీనికంటే మెరుగైనదా?

గుంటూరు ఫిజీషియన్
అమ్మగారు ఈ రాత్రి నుంచే భోజనం చేయాలి, ఇది మొదటి మాట. 65 దాటినవారిలో కండ కరగడమే పెద్ద ప్రమాదం. తిండి మానేస్తే పొట్ట కంటే ముందు తొడల కండ, చేతుల కండ పోతాయి, తర్వాత బాత్రూమ్‌లో కాలు జారడం, తుంటి ఎముక విరగడం వరుసగా వస్తాయి. పప్పు, పెరుగు, అలవాటుంటే గుడ్డు తప్పకుండా ఉండాలి. నడుము 0.55 అయినా 0.57 అయినా ఆమె విషయంలో చేయవలసినది మారదు: రక్తపోటు, చక్కెర, కొవ్వులు చూపించడం, రోజూ నడిపించడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చునే వ్యాయామం రెండు పూటలా చేయించడం. లెక్క కోసమైతే యౌవనంలోని ఎత్తునే తీసుకోండి, ఎందుకంటే ఎత్తు తగ్గినంత మాత్రాన లోపలి కొవ్వు పెరగలేదు.

మీరు రాసిన దాంట్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది నడుము కాదు, తగ్గిన 5 సెంటీమీటర్లు. వెన్నుపూసలు గుల్లబారి నొక్కుకుపోయినప్పుడు ఎత్తు ఇలా తగ్గుతుంది. నొప్పి లేకుండానే జరగవచ్చు. ఎముకల సాంద్రత పరీక్ష, వెన్ను ఎక్స్‌రే గురించి మీ వైద్యుణ్ని ఈ వారంలోనే అడగండి.

తుంటి లెక్క గురించి: 52 దేశాల్లో జరిగి 2005లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో గుండెపోటుతో నడుము, తుంటి నిష్పత్తికి ఉన్న సంబంధం బీఎమ్‌ఐ కంటే స్పష్టంగా కనిపించింది. కాబట్టి అది చెడ్డ కొలత కాదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా నడుము, తుంటి రెండూ కొలిచారు. కానీ ఇంట్లో వాడుకకు అందులో ఒక చిక్కు ఉంది. మనిషి చిక్కినప్పుడు నడుముతో పాటు తుంటి కూడా తగ్గుతుంది, అప్పుడు నిష్పత్తి మారనట్టే కనిపించి చేసిన శ్రమ వృథా అయిందనిపిస్తుంది. ఎత్తు మారదు కాబట్టి నడుము తగ్గిన ప్రతి సెంటీమీటరూ లెక్కలో కనిపిస్తుంది.

సత్యనారాయణపురం కుట్టుపని
తుంటి కొలత తీయడం కూడా అంత తేలిక కాదమ్మా. పిరుదుల మీద అన్నింటికంటే ఎత్తైన చోటు పక్కనుంచి చూసి పట్టాలి. కొత్తగా పని నేర్చుకునే పిల్లలు ఎక్కువగా తప్పేది అక్కడే.

డాక్టరు గారిని ఒకటి అడగాలని ఉంది. నా దగ్గర 12 ఏళ్లుగా బ్లౌజులు కుట్టించుకునే ఒకావిడ కొలత మూడు నెలల్లో నాలుగు అంగుళాలు పెరిగింది. చేతులు, భుజాలు మాత్రం చిక్కాయి. బొజ్జ వచ్చిందని ఆవిడ నవ్వుతున్నారు. నాకు ఎందుకో అది బొజ్జలా అనిపించలేదు.

గుంటూరు ఫిజీషియన్
అమ్మా, మీ చేతికి తట్టింది నిజం కావచ్చు. ఈరోజే ఆమెకు ఫోన్ చేసి వైద్యుల దగ్గరికి వెళ్లమని చెప్పండి. ఒళ్లు చిక్కుతూ పొట్ట మాత్రమే త్వరగా పెరుగుతుంటే దాన్ని కొవ్వుగా భావించకూడదు. కాలేయ జబ్బుతో పొట్టలో నీరు చేరడం, అండాశయంలో గడ్డ వంటివి అలాగే మొదలవుతాయి. ఒక అల్ట్రాసౌండ్‌తో చాలావరకు తేలుతుంది. ఇంకో మాట, గర్భిణులకు ఈ లెక్కలేవీ వర్తించవు.

సత్యనారాయణపురం కుట్టుపని
ఇప్పుడే చెప్పాను. రేపు వాళ్ల అబ్బాయి తీసుకెళతానన్నాడు.

కానూరు వాసి
నాలుగు నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను. మీ మాట మీద అప్పుడే పరీక్షలు చేయించుకున్నాను: పరగడుపు చక్కెర 114, హెచ్‌బీఏ1సీ 6.0, ట్రైగ్లిసరైడ్లు 210, అల్ట్రాసౌండ్‌లో కాలేయానికి మొదటి దశ కొవ్వు. మధుమేహానికి ముందు మెట్టులో ఉన్నానని, మందులు లేకుండా ప్రయత్నించడానికి ఇదే సమయమని ఇక్కడి వైద్యులు చెప్పారు.

మొదట్లో పొట్ట కరగాలని పడుకుని లేచే వ్యాయామాలే చేశాను. వాటితో పొట్ట కండ గట్టిపడుతుంది గాని దాని మీది కొవ్వు ప్రత్యేకంగా అక్కడే కరగదని తెలిశాక, రోజూ ఉదయం 45 నిమిషాలు వేగంగా నడవడం, వారానికి రెండు రోజులు బరువులు ఎత్తడం మొదలుపెట్టాను. ఇందిరాగాంధీ స్టేడియంలో నడిచి బయటకు రాగానే పెసరట్టు, ఉప్మా తినడం నాకు ఏళ్లనాటి అలవాటు, నడిచి ఖర్చు చేసినదానికంటే ఆ పళ్లెంలోదే ఎక్కువని లెక్కవేసుకున్న రోజు నుంచి ఇంట్లోనే తింటున్నాను. మధ్యాహ్నం అన్నం ముందు కూర, పప్పు వడ్డించుకుని, ఆ తర్వాత మిగిలిన చోటులోనే అన్నం పెట్టుకుంటున్నాను. ఆవకాయతో మారన్నం కలుపుకునే అలవాటు మానడమే అన్నింటికంటే కష్టమైంది.

నెలన్నర వరకు తూకం యంత్రం దాదాపు కదలలేదు, నిరాశతో మానేద్దామనుకున్నాను. అప్పుడు మా ఆవిడ సుద్దతో గీతలు గీసి కొలిస్తే నడుము 98 నుంచి 96కి వచ్చింది. ఇప్పుడు 93న్నర, నిష్పత్తి 0.55. బరువు మొత్తం మీద రెండు కిలోలు మాత్రమే తగ్గింది. ట్రైగ్లిసరైడ్లు 160కి వచ్చాయి, పరగడుపు చక్కెర 103. నా హద్దు 85 కాబట్టి ఇంకా ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఉన్నాయి. మా 14 ఏళ్ల అబ్బాయి కూడా కొలిపించుకున్నాడు, 0.51 వచ్చింది. పిల్లలకు ఈ లెక్క వర్తిస్తుందా డాక్టరు గారూ?

గుంటూరు ఫిజీషియన్
వర్తిస్తుంది. నైస్ మార్గదర్శకాలు ఐదేళ్లు దాటిన పిల్లలకు కూడా ఇదే 0.5 హద్దును సూచించాయి. కానీ పెరిగే వయసు కాబట్టి బాబుకు బరువు తగ్గించే ఆహార నియమాలు పెట్టకండి. అతని ఎత్తు ఇంకా పెరుగుతుంది, నడుము ఉన్నచోట ఉంటే నిష్పత్తి దానంతటదే దిగుతుంది. శీతల పానీయాలు ఇంటికి తేవడం ఆపి, సాయంత్రం గంటసేపు ఆడుకోనివ్వండి. అతని ముందు అంకె గురించి మాట్లాడకండి, ఆరు నెలలకొకసారి మీరిద్దరూ కలిసి కొలుచుకోండి.

కానూరు వాసి
అలాగే చేస్తాం. రేపటి నుంచి ఉదయం నాతో పాటు స్టేడియానికి వస్తానన్నాడు. నేను నడిచేంతసేపు వాడు బ్యాడ్మింటన్ ఆడతాడట.